మెడలో ప్లేటు వేస్తే మంచాన పడతారా?

"మెడకి ఆపరేషన్ చేస్తే కాళ్లూ చేతులూ పడిపోతాయంట కదండీ?" అమలాపురం వాళ్లొచ్చినా, భీమవరం వాళ్లొచ్చినా ఓపీలో నేను వినేది ఇదే. ఎవరు చెప్పారంటే పక్కింటాయన తోడల్లుడు. ఎవరికి పడిపోయాయో, ఆపరేషన్‌కి ముందు వాళ్లు నడుస్తున్నారో లేదో అడిగితే మాత్రం జవాబుండదు.

అసలు సంగతేంటంటే, జారిన డిస్కో పెరిగిన ఎముకో వెన్నుపామును నొక్కేస్తుంటే కాళ్లు పడిపోయేది ఆ ఒత్తిడి వల్ల. ఆపరేషన్‌లో ముందు ఆ ఒత్తిడి తీస్తాం, ఖాళీ అయిన చోట కేజ్ (పూసల మధ్య నిలబెట్టే చిన్న దిమ్మ) పెట్టి, పైపూసా కిందిపూసా కలిసి అతుక్కునేలా టైటానియం ప్లేటు, స్క్రూలు బిగిస్తాం. రిస్క్ లేదని అనను, ఉంటుంది, కానీ నొక్కుకుపోతున్న వెన్నుపామును అలాగే వదిలేస్తే జరిగే నష్టం ముందు అది తక్కువే. ఆపరేషన్ ముఖ్యంగా ఉన్న బలం పోకుండా ఆపుతుంది. పోయినదాంట్లో ఎంత తిరిగొస్తుందన్నది మీరు ఎంత తొందరగా వచ్చారన్నదాని మీద చాలా ఉంటుంది. స్ట్రెచర్ మీద వచ్చినాయన లేవలేకపోతే ఊళ్లో అది "ప్లేటు వేశాక పడిపోయాడు" అవుతుంది!

ఇంకో చిక్కు, ఈ జబ్బులో మెడ నొప్పి అసలు లేకపోవచ్చు. కొత్తపేట వైపు కొబ్బరి దింపు తీయించే ఒకాయన "నాకేం నొప్పి లేదండి ఆయ్" అని కూర్చున్నాడు. పక్కనుంచి ఆయన భార్య, "లుంగీ ముడి నిలవట్లేదండి, చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను, గట్టు మీద తూలిపోతున్నారు, కాలి చెప్పు ఊడిపోయినా తెలీట్లేదు" అంది. జేబులో నోట్లు తీసి లెక్కపెట్టమంటే రెండేసి కలిసిపోతున్నాయి. గుప్పిట మూసి తెరవడం మామూలుగా పది సెకన్లలో 20 సార్లు చెయ్యగలగాలి, ఈయన సగం దగ్గరే ఆగిపోయాడు. అప్పటికే ఎవరో మెడ పట్టి "టప్" మనిపించారట కూడా. దండం పెడతాను, ఇలాంటి మెడను ఎవరిచేతా విరిపించుకోవద్దు. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు గుండీలు ఆయనే పెట్టుకుంటున్నాడు, గట్టు మీద మాత్రం ఇంకా చెయ్యి పట్టుకోవాలి.

ఇక మిగతావి. తల జీవితాంతం తిరగదా? తల పక్కలకి తిరగడంలో దాదాపు సగం మెడలో పై రెండు పూసల మధ్యే జరుగుతుంది, మేం ఎక్కువగా కలిపేది కింది పూసల్ని. ఒక్క లెవెల్ అయితే, అంటే పక్కపక్కనున్న రెండు పూసల్నే కలిపితే, చాలామందికి తేడానే తెలీదు. పై రెండూ కలపాల్సొస్తే మాత్రం బాగానే తెలుస్తుంది. అన్నట్టు, ఆ రెండు పూసలకీ విడివిడిగా స్క్రూలు వేసి ప్లేటుతో కలిపే పద్ధతిని 1994లో ప్రచురించింది మన ముంబై కేఈఎం ఆసుపత్రి డాక్టర్ అతుల్ గోయెల్, "ఇవన్నీ ఫారిన్ ప్రయోగాలు" అనేవాళ్లకి చెప్తున్నాను.

టైటానియం తుప్పు పట్టదు. ఎమ్మారై తీయించుకోవచ్చు, ప్లేటు సంగతి ముందే చెప్పండి, ఆ చోట బొమ్మ కాస్త చెదురుతుంది. ఇబ్బంది పెడితే తప్ప ప్లేటు తీయించక్కర్లేదు. అది సెంట్రింగ్ లాంటిది, ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచడమే దాని పని, కాకపోతే దీన్ని ఊడదీయం. చుట్ట, బీడీ, సిగరెట్ మానకపోతే ఆ అతుక్కోవడమే కష్టమవుతుంది. ముందు వైపు నుంచి చేస్తే కొన్నాళ్లు మింగడం ఇబ్బందిగా, గొంతు బొంగురుగా ఉండొచ్చు, చాలామందికి తగ్గిపోతుంది.

చివరగా, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్లను లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించకండి, నలుగురు కలిసి మడతపెట్టి ఆటోలో వెయ్యకండి. 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా తల కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకోండి.