పికప్ బండి పొగ, అవ్వ పొయ్యి

తిరుపతి

చిన్నోడికీ, పాపకీ తాత ఆశీస్సులు.

చిన్నోడా, నీ ఉత్తరం అందింది. మామిడి సీజనుకని మీ నాయన పాత పికప్ కొన్నాడని రాసినావు, సంతోషం. "తెల్లారి స్టార్ట్ చేస్తే తెల్లపొగ, లోడేసుకొని భాకరాపేట ఘాట్ ఎక్కితే నల్లపొగ. ఒకే బండికి రెండు రంగులెట్లా తాతా?" అని అడిగినావు. మూడో రంగు కూడా ఉందా అని పాప కింద రాసింది. ఉంది పాపా, నీలం. మీ బండికి అది రాకుంటే చాలు.

ముందు మీ అవ్వ కట్టెల పొయ్యి దగ్గరికి పోండి. పచ్చికట్టె పెడితే తెల్లపొగ కమ్ముకుంటుంది. వేడి చాలక కట్టె మండటం లేదన్నమాట. ఎండుకట్టెలే అయినా సందు లేకుండా కుక్కితే గాలాడక నల్లపొగ, గిన్నె అడుగంతా మసి. బాణలిలో నూనె పొంగి నిప్పుల్లో పడితే నీలంపొగ, కమురు కంపు. ఇంజను చెప్పే మూడు మాటలూ అవే: వేడి చాల్లేదు, గాలి చాల్లేదు, నూనె పడింది.

డీజిల్ ఇంజనులో అగ్గిపుల్ల ఉండదు. సిలిండర్లోని గాలిని పదహారు పదిహేడో వంతుకు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. తెల్లారి ఇనుమంతా చల్లగా ఉంటుంది గదా, ఆ వేడిని కొంత అదే తాగేస్తుంది, మండని డీజిల్ తెల్లపొగై బయటికొస్తుంది. ఈ చలికి సాయంగానే చాలా బళ్ళలో సిలిండరుకొక హీటర్ ప్లగ్గు పెడతారు. నాలుగింటిలో ఒకటి మాడిపోయినా పొద్దున తెల్లపొగ, టకటకా శబ్దం. ప్లగ్గు అయిదారు వందలు, భయపడే పని కాదు. ఒకటి రెండు నిమిషాల్లో తెగిపోయే తెల్లపొగ గురించి మీ నాయన నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఇంజను వేడెక్కినాక కూడా తెల్లపొగ తెగకుండా, తియ్యని వాసనతో వస్తే మాత్రం సంగతి వేరు. ఇంజనును చల్లబరిచే నీళ్ళు, అంటే కూలెంటు, సిలిండర్లోకి కారుతోందని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు కూలెంటు డబ్బాలో మట్టం చూసి గీత పెట్టండి, రెండు రోజులకు తగ్గిందేమో చూడండి. ఇంజనాయిలు పుల్ల తీసి చూస్తే ఆయిలు పాలెక్కువైన కాఫీలా ఉందా? ఉంటే హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్ల పైమూత (హెడ్) కింద వేసే పలక, పోయి ఉండొచ్చు. గ్యాస్కెట్ సెట్టు, లేతు దగ్గర హెడ్ చదును చేయించే ఫేసింగు, కూలీ అన్నీ కలిస్తే సుమారు 15,000 దాటుతుంది. వేడిగా ఉన్న రేడియేటరు మూత మాత్రం ఎవరూ తిప్పొద్దు. లోపలి నీళ్ళు కుక్కరులో ఉన్నట్టే ఒత్తిడితో ఉంటాయి, మూత వదులైతే మొహం మీదికి చిమ్ముతాయి.

ఇక నల్లపొగ. మా చిన్నప్పుడు పొయ్యి పక్కన ఇనప ఊదుగొట్టం ఉండేది. మసిపట్టిన కట్టెలు దాంతో నాలుగు ఊదులు ఊదితే భగ్గుమని, పొగంతా మంటయ్యేది. బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదినా అమ్మ ఇంకా ఊదమనేది. పికప్‌లో ఆ ఊదుగొట్టం పేరు టర్బో. దాన్ని ఎవరు ఊదుతారో తెలుసా? బయటికి పోయే పొగే! సైలెన్సరు వైపు పరిగెత్తే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుకు అవతల ఉన్న రెండో చక్రం బయటి గాలిని లాగి ఇంజనులోకి కుక్కుతుంది. లోడు మీద ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతాయి. పొయ్యి తన పొగతో తన ఊదుగొట్టం తానే ఊదుకుంటుందంటే మా అమ్మ నమ్మేది కాదు.

ఘాట్లో లోడు మీద నల్లపొగ వస్తోందంటే, కుక్కిన డీజిలుకు సరిపడా గాలి అందడం లేదు. పికప్‌కే పికప్ లేదు అని మీ నాయన గొణిగి ఉంటాడు. షెడ్డులో మొదట డీజిలు చిమ్మే ఇంజెక్టర్ల మీదనే పడతారు. కొత్తవి వేయిస్తే ఒక్కోటి పదివేలు దాటొచ్చు. దానికంటే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి తట్టి చూడమను. మట్టిదారుల్లో తిరిగిన బండికి అందులోంచే గుప్పెడు దుమ్ము రాలుతుంది. కొత్తది 500 నుంచి 1,000 లోపే. తరవాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అంటే ఆ గాలిని చల్లార్చే పెట్టెకు, పోయే రబ్బరు హోసు మొత్తం చేత్తో తడమాలి, అడుగు వైపు కూడా. చీలిక ఎక్కువగా క్లాంపు పక్కనే ఉంటుంది, చుట్టూ నూనె తడి అంటుకొని మసి పట్టి ఉంటుంది. ఎక్సలేటరు తొక్కితే ఉస్సుమని వినబడుతుంది. క్లాంపు వదులైతే వంద రూపాయల్లో పోతుంది, హోసు చీలితే వెయ్యో రెండువేలో. ఇవి చూడకుండా ఇంజెక్టర్లు విప్పనివ్వొద్దని నాయనకు చదివి వినిపించు.

ఒకవేళ అది 2020 ఏప్రిల్ తరవాత వచ్చిన బీఎస్-6 (పొగ మీద కొత్త కట్టుబాటు) బండి అయితే నల్లపొగ కంటికి కనబడనే కూడదు. మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. నల్లపొగ వస్తోందంటే ఎవరో అది పీకేశారు, లేదా పగిలింది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూలో గంటలకొద్దీ ఇంజను ఆపకుండా నిలబెట్టినా ఆ ఫిల్టర్ మసితో మూసుకుపోతుంది. దానికి మందు హైవే మీద ఆగకుండా అరగంట పరుగు.

నీలంపొగ అంటే ఇంజనాయిలు మండుతోంది. ఇంజను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత వదులు చేసి చూస్తారు. లోపల్నుంచి చుట్ట తాగినట్టు గుప్పుగుప్పున పొగ కొడితే మెకానిక్కు "బ్యాక్ కంప్రెషన్" అంటాడు. పిస్టను రింగులు అరిగాయన్నమాట. ఇంజను మొత్తం విప్పి చేయిస్తే లక్ష దాకా పోవచ్చు, ఇంకోసారి బండి కొనేటప్పుడు ఇది కనబడితే కొనకుండా లేచి రావడమే మేలు. రింగులు బాగుండి టర్బో ఒక్కటే ఆయిలు తాగుతుంటే పది పన్నెండు వేలకు బాగు చేయించవచ్చు. ఘాట్ ఎక్కి దిగగానే ఠక్కున తాళం తిప్పేస్తే కాలుతున్న టర్బోకు ఆయిలు ఆగిపోయి, ఉన్నది బొగ్గై గట్టిపడుతుంది. ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు అలా వదిలేయాలి.

పొయ్యి మీద మోయలేనంత డేగిసా పెడితే రాళ్ళు కుంగుతాయి. బండికి ఆ రాళ్ళు కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఉక్కు పట్టాల స్ప్రింగులు. టన్నున్నర మోసే బండికి మూడు టన్నుల కాయ ఎక్కించేవాళ్ళు వెనక కట్టలో అదనంగా పట్టాలు వేయిస్తారు. మీ బండి కింద కూర్చొని రెండు వైపులా పట్టాలు లెక్కపెట్టండి, వాటిలో ఒకటి రెండు కొత్తగా మెరుస్తున్నాయేమో చూడండి. కట్ట తగులుకునే చోట ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద వెల్డింగు గాటు, దాని మీద కొత్త పెయింటు ఉంటే ముందటి యజమాని ఎంత బరువేశాడో తెలిసిపోతుంది. విరిగిన పట్టా మార్చడం వెయ్యీ రెండువేల పని. ఛాసిస్ చీలికకు మాత్రం ఎంత పెట్టినా నమ్మకం రాదు.

పొయ్యికి క్లచ్ లేదు, అందుకని అవ్వని ఇక్కడ వదిలేద్దాం. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలితే ఇంజను కుదిపి ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూనే ఉంటే ప్లేటు అరిగింది, సెట్టు మార్చి కూలితో ఎనిమిది నుంచి పన్నెండు వేలు. ధరలన్నీ సుమారుగా రాసినాను, బండిని బట్టి, కంపెనీ భాగమా లోకలా అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ కాగితం), ఇన్సూరెన్సు, ఫైనాన్సు అప్పు తీరిందనే ఎన్‌వోసీ, ఈ కాగితాలు మీ నాయన పని.

ఇంకెప్పుడైనా పాత బండి కొనేందుకు చూడటానికి పోయినప్పుడు బానెట్ మీద అరచెయ్యి పెట్టాలిరా. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మనం రాకముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టినారు, తెల్లారి పొగ కనబడకుండా. ఎప్పటికైనా మనమూ ఈ పికప్ అమ్మేవాళ్ళమే, అప్పుడు చల్ల ఇంజనే చూపించండి.

రేపు తెల్లవారక ముందే లేవండి. ఒక కర్ర చివర తెల్లకాయితం గుచ్చి, మీ నాయన చేత సైలెన్సరుకు జానెడు దూరంలో పట్టించండి, మీరు మాత్రం పక్కకు జరిగి నిలబడండి. పొగ ఎన్ని నిమిషాలకు తెగిందో పాప గడియారం చూస్తుంది. కాయితం మీద పడింది పొడి మసా, జిడ్డు చుక్కలా అని వేలితో రుద్ది చూసి, ఆ కాయితాన్నే ఉత్తరంలో మడిచి పంపండి.

మీ తాత