తెగిపడ్డ కరెంటు తీగ, దగ్గర్లో పిల్లాడు: అపోహలు - వాస్తవాలు

ఈదురుగాలితో వాన పడిందంటే హైదరాబాద్‌లో పెట్రోలింగ్ పోలీసులకు ఈ కాల్స్ మొదలవుతాయి. చెట్టు విరిగి తీగలు తెగాయి, అక్కడ పిల్లలున్నారు అని. మేం వెళ్లేసరికి జనం నోట వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: తీగ ముట్టుకోకపోతే చాలు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. తీగ పడ్డచోట కరెంటు నేలలోకి పాకుతుంది. దగ్గర్లో వోల్టేజీ ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. పెద్ద అంగ వేస్తే ఒక కాలి కింద ఒక వోల్టేజీ, రెండో కాలి కింద ఇంకొకటి ఉంటాయి. ఆ తేడాకే కరెంటు ఒంట్లోంచి పోతుంది. నీళ్లు నిలిచిన గల్లీలో మరీ ప్రమాదం. అందుకే కనీసం 10 మీటర్ల దూరంలో జనాన్ని ఆపేస్తాం. లోపల చిక్కుకున్న పిల్లాణ్ని "ఉరికి రా నాన్నా" అని పిలవకండి. "కాళ్లు రెండూ దగ్గర పెట్టి కదలకుండా నిలబడు కన్నా" అని అమ్మే చెప్పాలి. మా అరుపులకు పిల్లలు బెదిరిపోతారు, ఆమె గొంతు వింటే ఆగుతారు. కారులో ఉన్నవాళ్లను, కారు అంటుకుంటే తప్ప, దిగనివ్వొద్దు.

అపోహ: నిప్పురవ్వలు రావట్లేదు, కరెంటు పోయినట్టే.

వాస్తవం: రవ్వలు లేకున్నా కరెంటు ఉండొచ్చు. పోయింది మళ్లీ రావచ్చు. వేలాడే కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లనూ నమ్మొద్దు, పైన ఎక్కడో 11 కేవీ హైటెన్షన్ లైనుకు ఆని ఉండొచ్చు.

అపోహ: కర్రతో నెట్టేయొచ్చు. పోలీసులకు బూట్లు, లాఠీ ఉన్నాయిగా!

వాస్తవం: 11 కేవీ అంటే 11,000 వోల్టులు. తడి కర్ర, రబ్బరు చెప్పులు, మా బూట్లు ఏవీ దాన్ని ఆపలేవు. మేం ముందు చేసేది కరెంటు ఆఫీసు హెల్ప్‌లైన్ 1912కు, సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆ ఏరియాకు కరెంటిచ్చే లైను (ఫీడర్) ఆపించడం. లైన్‌మన్ వచ్చి లైన్ క్లియర్ అనేదాకా అడుగు వేయం. పిల్లాడు కళ్లముందు ఏడుస్తుంటే ఆ నిమిషాలు నరకం. జనం తిడతారు, పడతాం. కానీ కాపాడబోయినవాళ్లూ పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

అపోహ: షాక్ కొట్టినవాళ్ల ఒంట్లో కరెంటు ఉంటుంది.

వాస్తవం: సరఫరా ఆగాక ఉండదు, ముట్టుకోవచ్చు. అరికాళ్లు రుద్దుతూ కూర్చోవద్దు. ఊపిరి ఆడకపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీ మీద నొక్కుతూ గుండెను ఆడించడం) మొదలుపెట్టి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. పిల్లాడు లేచి నడిచినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. పైకి చిన్న మచ్చే కనిపించినా లోపల గుండె, కండరాలు దెబ్బతిని ఉండొచ్చు.