డీఎన్ఏ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

టీవీలో ఏ నేరం వార్త వచ్చినా "డీఎన్ఏ పరీక్షకు పంపారు, ఇక నిజం తేలిపోతుంది" అంటారే తప్ప, ఆ పరీక్షలో అసలు ఏం చేస్తారో ఎవరూ చెప్పరని మీరు రాశారు. మీ ఫిర్యాదు న్యాయమైనదే. నిజానికి ఆ పరీక్ష చేసే పని చాలా పరిమితమైనది. రెండు నమూనాలను పక్కపక్కన పెట్టి, అవి ఎంతవరకు కలుస్తున్నాయో చూస్తుంది, అంతే. దేన్ని దేనితో పోల్చాలో, పోల్చగా వచ్చిన దానికి అర్థమేమిటో నిర్ణయించేది మనుషులు.

మన ఒంట్లోని చాలా కణాలకు మధ్యలో కేంద్రకం ఉంటుంది. అందులోని క్రోమోజోముల్లో తల్లి నుంచి వచ్చినదొకటి, తండ్రి నుంచి వచ్చినదొకటి చొప్పున డీఎన్ఏ రెండు ప్రతులుగా ఉంటుంది. ఒక్కో ప్రతిలో ఏ, టీ, జీ, సీ అని మనం పిలుచుకొనే నాలుగు రసాయన అక్షరాలు సుమారు 300 కోట్లు బారులు తీరి ఉంటాయి. ఏ ఇద్దరిని తీసుకున్నా వెయ్యికి దాదాపు 999 అక్షరాలు ఒక్కటే కాబట్టి, తేడాలు ఎక్కువగా ఉండే చోట్లను ఏరుకొని అక్కడ మాత్రమే చూస్తారు. 11వ క్రోమోజోము మీద టీహెచ్01 అనే చోటు ఉంది. అక్కడ ఏఏటీజీ అనే ముక్క వెంటవెంటనే మళ్ళీమళ్ళీ వస్తుంది. ఒకరిలో ఆరుసార్లు వస్తే మరొకరిలో తొమ్మిదిసార్లు రావచ్చు. బిడ్డకు రెండు ప్రతుల్లో 6, 9 ఉండి తల్లికి 6, 8 ఉన్నాయనుకోండి, ఆ 9 తండ్రి నుంచే వచ్చి ఉండాలి. తండ్రి అని చెబుతున్న వ్యక్తికి 7, 8 ఉంటే అక్కడ లెక్క పొసగలేదన్నమాట. అయితే ఒక్కచోట పొసగనంత మాత్రాన కాదని తేల్చరు, ఒక్కచోట కలిసినంత మాత్రాన ఔననీ తేల్చరు, ఎందుకంటే అదే 9 లక్షలాది మందికి ఉంటుంది. ఇలాంటి చోట్లను ఇరవై దాకా చూసి, అన్నీ కలిస్తేనే గట్టిగా చెబుతారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల విషయంలో మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

నేరస్థలంలో దొరికేది ఒక్కోసారి కంటికి ఆనని మరక. దానిలోని డీఎన్ఏను పెంచుకొనే ఉపాయాన్ని 1983లో అమెరికా శాస్త్రవేత్త కేరీ ముల్లిస్ కనిపెట్టి, దానికి 1993లో నోబెల్ బహుమతి పొందారు. పీసీఆర్ అనే ఆ పద్ధతిలో నమూనాను సుమారు 95 డిగ్రీలకు వేడి చేస్తే, రెండు పేటల తాడులా ఉండే డీఎన్ఏలో ఆ పేటలు విడిపోతాయి. చల్లబరచి, మళ్ళీ 72 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక్కో పేట మీద కొత్త పేట అల్లుకుంటుంది. ఇలా ముప్పై విడతలు సవ్యంగా జరిగితే ఒక్క ప్రతి వంద కోట్లు దాటుతుంది. ఈ శక్తే దాని బలహీనత కూడా: నమూనా తీసేవారు చేతొడుగులు వేసుకోకపోతే వారి డీఎన్ఏ కూడా అలాగే పెరిగి కూర్చుంటుంది. తడి నెత్తుటి గుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే తేమకు బూజు, బాక్టీరియా చేరి డీఎన్ఏ పాడవుతుంది. నీడన ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. చాలా కేసులు గట్టిపడేదీ, వీగిపోయేదీ ల్యాబుకు చేరకముందే, ఇలాంటి చోటనే.

ఈ పరీక్షను నేర పరిశోధనలో తొలిసారి వాడిన సందర్భం మీరు తప్పక తెలుసుకోవాలి. ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని కనిపెట్టారు. ఆ దగ్గరి పల్లెల్లో 1983లో ఒక బాలిక, 1986లో మరో బాలిక హత్యకు గురయ్యారు. రెండో హత్య తానే చేశానని పదిహేడేళ్ళ కుర్రవాడు పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. జెఫ్రీస్ పరీక్షించి చూస్తే, రెండు నేరాలూ చేసింది ఒక్కడే, అతడు ఈ కుర్రవాడు మాత్రం కాడు. ఒప్పుకోలు ఉన్నా వదిలేయవలసి వచ్చింది. ఆ తరువాత పోలీసులు అయిదు వేలకు పైగా మగవారి నమూనాలు సేకరించినా అసలు దోషి దొరకలేదు, ఎందుకంటే అతడు తోటి ఉద్యోగి చేత తన పేరున నెత్తురు ఇప్పించాడు. ఆ మోసం సారాకొట్టు కబుర్లలో బయటపడ్డాక 1987లో అరెస్టు చేశారు. చూశారా, యంత్రం తప్పు చేయలేదు, కాని సీసా మీద పేరు రాసింది మనిషే.

మన దేశంలో ఈ విద్య హైదరాబాదులో మొదలైంది, అదీ పాము పుణ్యమా అని. పాముల్లో ఆడ, మగ క్రోమోజోముల తేడాను పరిశోధిస్తున్న లాల్జీ సింగ్‌కు, పసుపు నలుపు పట్టీలుండే ఒక కట్లపాము జాతిలో దొరికిన డీఎన్ఏ ముక్కను పోలినవి ఇతర జంతువుల్లోనూ, మనిషిలోనూ కనిపించాయి. దాని ఆధారంగా 1988 నాటికి అక్కడి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మనుషులను గుర్తించే పద్ధతిని తయారు చేశారు. కేరళలోని ఒక కోర్టు పితృత్వ వివాదంలో దాన్ని సాక్ష్యంగా స్వీకరించింది. పాముల మీద డబ్బు ఖర్చు పెట్టడమెందుకని ఆనాడు ఎవరైనా ఆపి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఈ పోలిక విద్య కోర్టుల్లోనే ఆగలేదు. మన అన్నంలో ఉన్న బీపీటీ 5204, అంటే బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, తినడానికి ఎంత బాగుంటుందో ఎండాకు తెగులుకు అంత తేలిగ్గా లొంగిపోతుంది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి తెగులును తట్టుకొనే మూడు జన్యువులున్న మరో వరితో దాన్ని సంకరం చేశాయి. ప్రతి తరంలోనూ నారు మొక్కల ఆకు డీఎన్ఏ చూసి, మూడూ ఉన్న మొక్కలనే ముందుకు పంపించాయి. అలా 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. పాత సంకరమే, ఏరివేత మాత్రం కొత్తది.

వైద్యంలో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆపరేషనుకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు చాలామందిలో కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. దాన్ని విరగగొట్టే ఎంజైము లోపించినవారికి గంటల తరబడి కృత్రిమ శ్వాస అవసరమవుతుంది. తెలుగునాట వైశ్యుల్లో ఈ లోపం ఇతరులకంటే చాలా ఎక్కువని అధ్యయనాల్లో తేలింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న ఏ సమూహంలోనైనా ఏదో ఒక అరుదైన మార్పు ఇలా పోగుపడుతుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు.

ఆన్‌లైన్‌లో కిట్టు తెప్పించి, ఉమ్మి పంపి మన పూర్వీకులెవరో తెలుసుకోవచ్చా అని కూడా అడిగారు. అమెరికాలో దశాబ్దాల నాటి వరుస హత్యల నిందితుడు 2018లో పట్టుబడింది, అతని దూరపు బంధువులు ఒక వంశవృక్షాల వెబ్‌సైటులో తమ డీఎన్ఏ వివరాలు పెట్టుకోవడం వల్ల. అక్కడ మేలే జరిగింది, కాని మీరు పంపే నమూనా మీ బంధువుల సమాచారం కూడా మోసుకెళుతుందని దీనివల్ల తెలుస్తుంది. డీఎన్ఏ వాడకాన్ని నియంత్రించడానికి 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లును 2023లో ఉపసంహరించుకున్నారు. అందుచేత ఆ కంపెనీవారు నమూనాను ఎన్నాళ్ళు ఉంచుతారో, ఎవరికి ఇస్తారో షరతుల కాగితంలో చదవండి. అమ్మానాన్నలనే కాక పెదనాన్న, మేనత్త పిల్లలను కూడా అడిగి, అందరూ సరేనన్నాకే కిట్టు సంగతి ఆలోచించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య