మిల్లర్ ట్రస్టు: పింఛను నూట యాభై డాలర్లు ఎక్కువైతే

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు చేసే చిన్న ఆసుపత్రి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు ఉండే చోటు అది. నెల ఖర్చు ఎనిమిది, తొమ్మిది వేల డాలర్లు దాటడం మామూలే. అరవై అయిదు నిండినవారికి అందే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఈ భారం మోయదు. ఆసుపత్రి నుంచి వచ్చాక కోలుకునేందుకు మహా అయితే 100 రోజులు ఇస్తుంది, అదీ సవాలక్ష షరతులతో. ఆ తర్వాత చేతిలో డబ్బు లేనివారికి పేదల కోసం ప్రభుత్వం నడిపే వైద్య పథకం మెడికెయిడే దిక్కు. పింఛను కాస్త ఎక్కువై ఆ పథకం అందనివారికి దొరికిన ఉపాయమే మిల్లర్ ట్రస్టు.

మెడికెయిడ్ చట్టంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 జులై 30న సంతకం చేశారు. అదే ఏడాది అక్టోబరులో ఆయన సంతకం చేసిన వలస చట్టంతోనే మన డాక్టర్లకు, ఇంజినీర్లకు అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. ఆ తొలి తరం ఇప్పుడు ఎనభైలలో ఉంది.

పేదల పథకం అన్నాక పేదవారెవరో తేల్చాలి. నిరుపేద వృద్ధులకు, వికలాంగులకు 1974 నుంచి ఇస్తున్న ఎస్‌ఎస్‌ఐ భృతి ఇక్కడ కొలబద్ద అయింది. దానికి మూడు రెట్లదాకా ఆదాయం ఉన్నవారికి నర్సింగ్ హోమ్ ఖర్చు ఇవ్వవచ్చని రాష్ట్రాలకు వీలు కల్పించారు. 2025లో ఆ భృతి నెలకు 967 డాలర్లు, అంటే పరిమితి 2,901. న్యూయార్క్ వంటి రాష్ట్రాలు వైద్యానికి అయ్యే ఖర్చు తీసేసి మిగిలిన ఆదాయాన్నే లెక్కిస్తాయి. టెక్సస్, ఫ్లోరిడా వంటి చోట్ల ఆ గీత దాటితే దాటినట్లే.

ఒక పెద్దావిడకు నెలకు 3,050 డాలర్లు వస్తాయనుకుందాం. గీత కంటే 149 ఎక్కువ. నర్సింగ్ హోమ్ బిల్లు 8,000. సొంతంగా కట్టలేరు, ప్రభుత్వం కట్టదు. పక్క మంచంలో 2,900 వచ్చే ఆవిడకు మాత్రం కడుతుంది. పోనీ, ఆ 149 వద్దని వదులుకుందామంటే చాలాకాలం అదీ కుదిరేది కాదు. రావలసిన పింఛన్లన్నీ తెచ్చుకోవాలని మెడికెయిడ్ నియమం ఉండేది.

ఈ చిక్కుముడి కొలరాడోలో కోర్టుకెక్కింది. నర్సింగ్ హోముల్లో ఉంటున్న అశక్తులైన వృద్ధుల ఆదాయాన్ని స్థానిక కోర్టు ఏర్పరచిన ట్రస్టుల్లోకి మళ్లించారు. రాష్ట్ర అధికారులు ఒప్పుకోలేదు. 1990లో మిల్లర్ వర్సెస్ ఇబారా కేసులో ఫెడరల్ జిల్లా కోర్టు వృద్ధుల వైపు నిలిచింది. వృద్ధులు ముట్టుకునే హక్కులేని డబ్బును వారి చేతిలోని ఆదాయంగా లెక్కించరాదంది. మిల్లర్ ట్రస్టు అన్న పేరు అలా వచ్చింది.

1993లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ట్రస్టుల మీద కత్తి కట్టింది. ఆస్తిని ట్రస్టులో దాచి పేదలమనిపించుకునే దారులు మూసింది. మరణించినవారి ఆస్తి నుంచి ఖర్చు రాబట్టడాన్ని రాష్ట్రాలకు తప్పనిసరి చేసింది. అదే చట్టంలో మిల్లర్ తరహా ట్రస్టును మాత్రం మినహాయించింది. అందులో పింఛను, సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య భృతి) వంటి ఆదాయమే వేయాలి. ఇల్లూ పొలమూ కుదరవు. మనిషి పోయాక మిగిలినది, మెడికెయిడ్ పెట్టిన ఖర్చు మేరకు, రాష్ట్రానికి చెందాలి. గీతనే చెరిపేస్తే పోయేదానికి గీత పక్కన దొడ్డిదారి కట్టి దానికో తాళం వేశారని నాకనిపిస్తుంది.

అసలు జరిగేది చూస్తే ట్రస్టు అన్న మాట పెద్దదనిపిస్తుంది. బ్యాంకులో ఒక ఖాతా, ధర్మకర్తగా సాధారణంగా కొడుకో కూతురో. నెల మొదట్లో పింఛను అందులో పడుతుంది. చేతిఖర్చుకు కొద్ది మొత్తం (కేంద్రం పెట్టిన కనీసం 30 డాలర్లు), ఇంట్లో ఉన్న జీవిత భాగస్వామికి అవసరమైతే కొంత, ఆరోగ్య బీమా ప్రీమియం పోగా మిగిలినదంతా నర్సింగ్ హోముకు వెళ్తుంది. తక్కువపడినది మెడికెయిడ్ కడుతుంది. నెలాఖరుకు ఖాతా దాదాపు ఖాళీ.

తెలుగువారు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ కూడా 2014 డిసెంబరులో ఈ దారికే వచ్చింది. అయితే గ్రీన్‌కార్డుపై కొత్తగా వెళ్లిన తల్లిదండ్రుల సంగతి వేరు: 1996 చట్టం ప్రకారం చాలామందికి తొలి అయిదేళ్లు మెడికెయిడే లేదు, ట్రస్టు రాసుకున్నా లేదు.