రిలీజ్ చేస్తే నచ్చిన జట్టుకు వెళ్లిపోవచ్చా? క్వార్టర్‌బ్యాక్ కాంట్రాక్టులపై అపోహలు, వాస్తవాలు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏదో ఒక జట్టు క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసురుతూ దాడిని నడిపించే ఆటగాణ్ణి) తీసేసిందన్న వార్త రాగానే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "అన్నా, ఇక మన డాలస్ వాళ్లు పట్టేసుకోవచ్చుగా?" అని డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే తమ్ముళ్లు అడుగుతారు. వాళ్లకు ఓపిగ్గానే చెబుతాను. అదే ప్రశ్న ఆటగాడి ఇంట్లోవాళ్లు అడిగితే మాత్రం గుండె కలుక్కుమంటుంది. అప్పటికే వాళ్లు ఆ అపోహను నమ్మి ఎక్కడో డబ్బు కట్టేసి ఉంటారు. ఆటగాళ్ల ఏజెంట్ ఆఫీసులో కాంట్రాక్టు కాగితాలు చూడటమే నా పని కాబట్టి, ఈ ఒక్క విషయం ఇక్కడ గట్టిగా చెప్పదలిచాను.

అపోహ: రిలీజ్ చేశారంటే ఆ రోజు నుంచే అతను ఫ్రీ.

కాదు. ముందు రెండు చూడాలి: అతనికి ఎన్ని సీజన్లు నిండాయి, ఇవాళ తేదీ ఏంటి.

ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే కనీసం ఆరు మ్యాచ్‌లు పూర్తి జీతం మీద జట్టులో ఉండాలి. అలాంటివి నాలుగు నిండని కుర్రాణ్ణి ఏ నెలలో తీసేసినా వెయివర్స్ (మిగతా జట్లు అతణ్ణి ముందుగా కోరుకోవడానికి ఇచ్చే గడువు) మీదుగానే పోవాలి. నాలుగు నిండిన సీనియర్‌కు లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ అయిన దగ్గర్నుంచి ట్రేడ్ గడువు (సీజన్‌లో జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి ఆఖరి తేదీ) దాకా ఆ బాధ లేదు, నేరుగా ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టులో చేరవచ్చు. ట్రేడ్ గడువు దాటిందా, పదిహేనేళ్లు ఆడినవాడైనా వెయివర్స్ తప్పవు.

వెయివర్స్‌లో పడ్డాక ఆటగాడి ఇష్టంతో పనిలేదు. "మాకు కావాలి" అని క్లెయిమ్ వేసిన జట్లలో ఎక్కువ ఓడిపోయిన జట్టుకే ముందు హక్కు. ఆ జట్టు పాత కాంట్రాక్టును ఉన్నదున్నట్టు నెత్తిన పెట్టుకుంటుంది. ఇక్కడ బేరం ఉండదు, "నేను రాను" అనడానికీ ఉండదు. ఒక్కరూ క్లెయిమ్ వేయకపోతేనే స్వేచ్ఛ.

2022 డిసెంబర్ గుర్తుందా? 4వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరాపలోకు గాయమైంది. మర్నాడే కరోలినా జట్టు తన క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్‌ను వదిలేసింది. ఇంకేముంది, మేఫీల్డ్ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాడని అందరూ తీర్మానం చేసేశారు. అడిగినవాళ్లందరికీ నేను ఒకటే చెప్పాను: ట్రేడ్ గడువు దాటింది, ఎంచుకునేది అతను కాదు. అప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు 49ఎర్స్ ఎనిమిది గెలిచి ఉన్నారు. లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ మూడే గెలిచి వరుసలో వాళ్లకంటే ముందున్నారు. 6న ర్యామ్స్ క్లెయిమ్ చేశారు. 8న, కొత్త ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) చేతికొచ్చి రెండు రోజులైనా నిండకుండానే, మేఫీల్డ్ చివర్లో జట్టును 98 గజాలు నడిపించి రైడర్స్ మీద 17-16తో గెలిపించాడు.

2024 నవంబర్‌లో ఇంకో క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కు సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. న్యూయార్క్ జెయింట్స్ వదిలేశారు, అతనూ వెయివర్స్‌లోనే పడ్డాడు. కానీ తీసుకునే జట్టు ఆ సీజన్‌లో మిగిలిన జీతం, కోటి డాలర్లకు పైమాటే, భరించాలి. పైగా అతనికి పెద్ద గాయమైతే 2025కి 2.3 కోట్ల డాలర్ల గ్యారంటీ కూడా మెడకు చుట్టుకుంటుంది. ఎవరూ ముందుకు రాలేదు. ఫ్రీ ఏజెంట్ అయ్యాక మిన్నెసోటా ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (అసలు జట్టు బయట సాధనకు ఉంచుకునే బృందంలో) చేరాడు. అంటే బరువైన కాంట్రాక్టే అతనికి ఎంచుకునే అవకాశం ఇచ్చింది. తక్కువ జీతం మీద ఉన్న కుర్రాళ్లకు ఆ వెసులుబాటు దొరకదు, అందుకే నా బెంగంతా వాళ్ల గురించే.

కొన్నేళ్ల కిందట, ఆగస్టు చివర్లో జట్లు 53 మందికి కుదించే రోజు, రెండో ఏడాది ఆడుతున్న ఒక అబ్బాయిని మంగళవారం సాయంత్రం వెయివ్ చేశారు. సొంత ఊరి జట్టు పిలుస్తుందని బంధువెవరో గట్టిగా చెప్పారట. ఆ రాత్రికే వాళ్లమ్మ అక్కడ అపార్ట్‌మెంట్‌కు అడ్వాన్సు కట్టేసింది. బుధవారం పొద్దున వీడియో కాల్‌లో చూస్తే హాలు నిండా టేపు వేసిన అట్టపెట్టెలు, వాటి మీద మార్కర్‌తో "కిచెన్", "బూట్లు" అని రాసి ఉంది. క్లెయిమ్ గడువు మా డాలస్ టైమ్ ప్రకారం 11 గంటలకు. "అప్పటిదాకా ఆ పెట్టెలు కదిలించకండమ్మా" అన్నాను. గడువు ముగిశాక వచ్చిన లిస్టులో వాడి పేరు ఉంది, పక్కన ఉత్తరాన ఎక్కడో ఉన్న జట్టు పేరు. వాడు ఆ రాత్రే విమానం ఎక్కాడు. అడ్వాన్సు తిరిగి రాలేదు. ఆవిడ ఏడవలేదు, "ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది" అంది, అంతే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: తీసేస్తే జట్టుకు డబ్బు మిగులుతుంది. చాలాసార్లు మిగలదు. సంతకం బోనస్‌ను క్యాప్ (ఒక జట్టు జీతాల ఖర్చుకు లీగ్ పెట్టిన పరిమితి) లెక్కలో ఐదేళ్ల దాకా పరుస్తారు, తీసేస్తే మిగిలినదంతా ఒక్కసారి మీద పడుతుంది. 2024 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను వదిలినందుకు డెన్వర్ క్యాప్ మీద 8.5 కోట్ల డాలర్ల భారం పడింది. జూన్ 1 నిబంధన వాడి దాన్ని రెండేళ్లకు సర్దుకున్నారు. అతణ్ణి తీసుకున్న పిట్స్‌బర్గ్ కనీస జీతం 12.1 లక్షల డాలర్లే ఇచ్చింది, ఆ ఏడాది గ్యారంటీలో మిగిలినదంతా డెన్వరే కట్టింది.

అపోహ: బెంచ్ మీద కూర్చోబెట్టారంటే ఆట పాడైనట్టే. క్యాలెండర్ చూడకుండా ఆ మాట అనకండి. 2022 చివర్లో తమ క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్‌ను రైడర్స్ పక్కన పెట్టినప్పుడు ఎన్ని కూతలు కూశారో! ఫిబ్రవరి 15 దాటితే అతని కాంట్రాక్టులో 4.04 కోట్ల డాలర్లు గ్యారంటీ అవుతాయి, ఈలోగా ఆడుతూ గాయమైతే వదిలించుకోవడం కష్టం. 14న వదిలేశారు.

అపోహ: సీజన్ మొదలయ్యాక తీసేస్తే సీనియర్‌కు జీతం పోయినట్టే. మొదటి మ్యాచ్ నాటికి జట్టులో ఉన్న సీనియర్ ఆ ఏడాది మూల జీతంలో మిగిలింది టర్మినేషన్ పే కింద అడగవచ్చు. కెరీర్‌లో ఒక్కసారే, కాబట్టి అడిగే ముందు ఏజెంట్‌తో మాట్లాడండి.

మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ల ఇంట్లోనో ఇలాంటి రోజు వస్తే, సీజన్ మధ్యలో క్లెయిమ్ గడువు న్యూయార్క్ టైమ్ సాయంత్రం 4 గంటలు. అది దాటి, లిస్టు వచ్చేదాకా ఎవరికీ అడ్వాన్సు కట్టకండి, టికెట్ కొనకండి. బ్యాగు మాత్రం సర్ది పెట్టుకోండి, లోపల ఒక మందపాటి కోటు వేసి.