రేడియం స్టిక్కర్ వేరు, రేడియం డయల్ వేరు: పాత యుద్ధవిమానాల మీటర్లపై అపోహలు - వాస్తవాలు

"రేడియమే కదండీ, మా బండి నంబర్ ప్లేటు మీద కూడా వేయించాను."

నెలకు ఒకరైనా ఈ మాట అంటారు నాతో. ఎయిర్‌ఫోర్సులో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మీటర్లు సేకరించే వాళ్లకు ఇప్పుడు చేతనైన సాయం చేస్తుంటాను. స్పిట్‌ఫైర్‌దో, లిబరేటర్‌దో, డకోటాదో ఒక ఆల్టీమీటర్ (ఎత్తు చూపే మీటర్) పాత సామాన్ల బజారులో దొరికిందని మురిసిపోతూ ఫోన్ చేస్తారు. ఆ వెంటనే, "విప్పి శుభ్రం చేయాలి, ఎలాగండీ?" అంటారు. అప్పుడు గుభేలుమంటుంది నాకు.

మన ఊళ్లలో రేడియం షాపు అంటే స్టిక్కర్ల షాపు. ఆ మెరిసే కాగితంలో రేడియం ఇసుమంతైనా లేదు. పడిన లైటును తిప్పికొడుతుంది, అంతే. పిల్లల గదిలో ఈ మధ్య అంటించిన చుక్కలూ అంతే, వెలుతురును తాగి చీకట్లో వదులుతాయి. వాటికి భయపడి రాత్రికి రాత్రే గోడంతా గీకేసిన తల్లి ఒకావిడ నాకు తెలుసు. యుద్ధకాలం నాటి డయల్ మీద ఉన్నది మాత్రం అసలు రేడియమే. రాత్రిపూట బాంబింగుకు వెళ్లే పైలట్ కాక్‌పిట్‌లో ధారాళంగా లైట్లు వేసుకోలేడు. చీకట్లో బయట ఏమీ కనబడదు, శత్రువుకు తానే కనబడతాడు. అందుకని, రేడియం కిరణాలు తగిలితే వెలిగే జింక్ సల్ఫైడ్‌లో రేడియం కలిపి అంకెలకు, ముల్లుకు, కంపాస్ గీతలకు, కొన్నిటిలో స్విచ్చుల చివరలకు కూడా పూశారు.

అపోహ: ఇప్పుడు వెలగడం లేదు కాబట్టి రేడియం అయిపోయింది.

ఎక్కువ మందిని ముంచేది ఇదే. రేడియం-226 అర్ధాయువు, అంటే సగం తరగడానికి పట్టే కాలం, 1,600 ఏళ్లు. 1943లో పూసినదైతే ఇప్పటికి తరిగింది నూటికి నాలుగు పాళ్లు కూడా ఉండదు. చచ్చిపోయింది జింక్ సల్ఫైడ్. రేడియం దెబ్బలు తిని తిని అది వెలగడం మానేసింది. లాంతరు చిమ్నీ మసిబారితే లోపల వత్తి ఆరిపోయినట్టా?

పైగా ఆ పెయింటు ఎండి, గోధుమరంగుకు తిరిగి, పొలుసులుగా రాలుతుంటుంది. పొలుసు పొడైతే ఊపిరితోనో, చేతి నుంచి అన్నంలోకో ఒంట్లోకి పోతుంది. ఒంట్లో చేరిన రేడియాన్ని శరీరం కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. వంద ఏళ్ల కింద అమెరికాలో గడియారాల డయళ్లకు రంగు వేసిన ఆడపిల్లలు కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకునేవారు. దవడ ఎముకలు పుచ్చి చనిపోయారు చాలామంది.

విజయవాడ కుర్రాడొకడు డైనింగ్ టేబుల్ మీద ఎమరీ పేపర్‌తో అంకెలు గీకుతూ వీడియో కాల్ చేశాడు. కొత్త రంగు వేస్తాడట! "బాబూ, ముందు ఫ్యాను ఆపు" అన్నాను. వాణ్ని తిట్టే హక్కు నాకు లేదులెండి. ఇరవై రెండేళ్ల వయసులో పగిలిన డయల్‌ను నోటితో ఊది దుమ్ము దులిపినవాణ్ని నేను. అప్పుడు నాకూ ఎవరూ చెప్పలేదు.

ఇక బెంగపడే వాళ్లకు. అద్దం పగలని మీటర్‌ను మీ పిల్లాడు చేత్తో పట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు, నిద్ర పాడుచేసుకోకండి. రేడియం నుంచి వచ్చే ఆల్ఫా కిరణాలు అద్దం దాటవు. గామా దాటుతుంది గానీ, అల్మారాలో ఒక మీటర్ ఉంటే అది కొంచెమే. చిన్న గదిలో ఇరవై పేర్చి తలుపులు బిగించడం మాత్రం వద్దు, రేడియం నుంచి పుట్టే రేడాన్ వాయువు పోగవుతుంది. అద్దం పగిలితే తడి టిష్యూతో తుడిచి, మీటర్‌తో పాటు ఆ టిష్యూనూ రెండు కవర్లలో మూసేయండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ ముట్టుకోవద్దు. సబ్బుతో చేతులు కడుక్కోండి. వదిలించుకోవాలంటే అణుశక్తి నియంత్రణ మండలిని అడగండి గానీ తుక్కు కొట్టుకు వేయకండి.

ఆ విమానాల మీద మిగతా అపోహలు గబగబా. పైలట్లకు రాత్రిపూట చూపు క్యారెట్ల వల్ల రాలేదు. విమానంలో పెట్టిన రాడార్‌ను దాచడానికి బ్రిటిష్ వాళ్లు ఆ కథను ప్రచారం చేశారు. 1940 బ్రిటన్ యుద్ధంలో ఎక్కువ శత్రు విమానాలను కూల్చింది స్పిట్‌ఫైర్ కాదు, హరికేన్ అనే మరో బ్రిటిష్ విమానం. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసినవి పెద్ద బాంబర్లేమీ కావు, ర్యూజో అనే జపాన్ నౌక మీద నుంచి లేచిన ఒంటి ఇంజిను విమానాలు. లిబరేటర్ బాంబర్లను మనం కొన్నామనుకుంటారు. యుద్ధమయ్యాక కాన్పూరులో పారేసి పోయిన వాటినే మన విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్లు బాగుచేస్తే, మన ఎయిర్‌ఫోర్స్ 1968 దాకా నడిపింది. వాటి మీటర్లూ బజారుకొస్తుంటాయి, జాగ్రత్త.

విజయవాడ కుర్రాడు మొన్న ఫోటో పంపాడు. ఆల్టీమీటర్ రెండు కవర్లలో, మూత ఉన్న డబ్బాలో భద్రంగా ఉంది. డబ్బా మీద ఎర్రటి అక్షరాలతో "ముట్టుకోవద్దు" అని రాయించాడు. రేడియం షాపులోనేనట.