మిండడు: బలశాలి విటుడైన వైనం

విటుడు, జారుడు, కాముకుడు సంస్కృతం వేషంలో ఉన్నారు కాబట్టి పుస్తకాల్లో మర్యాదగానే చెల్లిపోతారు. అచ్చతెలుగు మిండడికి ఆ వీలు లేదు. ఇవాళ అది రంకుమొగుడికి పేరు, వీధిలో తిట్టు. పాత ముద్రణల్లో అరసున్నతో 'మిండఁడు' అని కనిపిస్తుంది. చివరి డు తెలుగు ప్రత్యయం. అది తీసేస్తే మిగిలేది 'మిండ'.

దీన్ని 'ముండ'తో ముడిపెట్టడం పొరపాటు. ముండ సంస్కృతం: గొరిగిన తల అనే అర్థం నుంచి, తల గొరిగించిన వితంతువు మీదుగా తిట్టయింది. మిండ చుట్టాలు దక్షిణాన ఉన్నారు. తమిళులు 'మిణ్టన్' అని రాస్తారు. వాళ్ల లిపిలో ట, డలకు ఒకటే అక్షరం. ణకారం తర్వాత అది డగా పలుకుతుంది కనుక చెవిన పడేది 'మిండన్'. అర్థం బలశాలి, దిట్టమైన మనిషి. తమిళ శివభక్తులైన అరవై ముగ్గురు నాయనార్లలో ఒకరు విఱన్మిండ నాయనారు! మనకు బూతుగా వినిపించే మాట అక్కడ పరమభక్తుడి పేరు.

మలుపు కన్నడంలో కనిపిస్తుంది. అక్కడ మిండ అంటే నిండు వయసు మగవాడు, ప్రియుడు కూడా. 12వ శతాబ్దిలో శివభక్త కవయిత్రి అక్కమహాదేవి ఒక వచనంలో (అంటే వచన కవితలో) లోపలి గండణ్ణీ బయటి మిండణ్ణీ పక్కపక్కన నిలబెట్టింది. గండ అంటే మొగుడు, వీరుడు కూడా. విజయనగర రాజుల 'మూరురాయరగండ' బిరుదుకు ముగ్గురు రాజులకు మొగుడని అర్థం. పెళ్లి ఊసు లేకుండానే మనమూ "వాడికి మొగుడొచ్చాడు" అంటాం. మగడికి చుట్టమైన మగటిమి కూడా శౌర్యమే. మగసిరిని చెప్పే మాటల్లో గండ, మగడు పెళ్లిపీటలెక్కాయి. మిండడు పెరటిగోడ దూకాడు.

తెలుగులో ఈ దూకడం ఎప్పుడో జరిగిపోయింది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో మిండజంగాలంటే వేశ్యల ఇళ్లకు పోయే జంగాలు. బసవడు వాళ్లనూ శివుడిగానే కొలిచాడు.

మంచి మాట ఇలా చెడ్డ అర్థంలోకి జారడాన్ని అర్థగ్రామ్యత అంటారు. 'సాని' కూడా అలా జారిందే. స్వామిని నుంచి వచ్చిన ఆ మాట విడిగా వేశ్యకు పేరయింది, దొరసానిలో మాత్రం పరువు నిలుపుకుంది. తమిళంలో మిండడికి నాయనారు అండ దొరికింది. తెలుగులో అలాంటి ఆసరా దొరకలేదు.